ఎడమచేతి నాటు

కర్ణాటకలోని సింధనూరు దగ్గర, కోస్తా రైతులు వలస వచ్చి స్థిరపడిన కాలువ కింది క్యాంపులో బుల్లెమ్మను అందరూ సినిమా బుల్లెమ్మ అనే పిలుస్తారు. యాభై ఏళ్ల కిందట వాళ్ల వరిమడిలో ఒక తెలుగు సినిమా పాట తీశారు. కథానాయికకు నాటు వేయడం రాదు. అందుకని ఆమె ముఖం ఒకసారి, నారు నాటే చేతులు ఇంకోసారి తీసి అతికించారు. ఆ చేతులు బుల్లెమ్మవని ఊరంతా చెప్పుకుంది. కోస్తా నుంచి అప్పుడే కాపురానికి వచ్చిన బుల్లెమ్మ కాదనలేదు.

ఈ ఏడు ఆ సినిమాకు స్వర్ణోత్సవం. రైసుమిల్లు చంద్రమోహన్ సింధనూరులో థియేటరు మాట్లాడి, ఆదివారం పొద్దుటి ఆట వేయించాడు. క్యాంపు క్యాంపంతా ట్రాక్టర్లలో దిగింది. డెబ్బై ఏళ్ల బుల్లెమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. తన పెళ్లికి ముందునుంచీ బుల్లెమ్మ వాళ్ల పొలంలోనే పనిచేసిన నింగవ్వ ఎక్కడో వెనక కూర్చుంది.

పాట వచ్చింది. తెర నిండా రెండు చేతులు. కుడిచెయ్యి నారుకట్ట పట్టుకుంటే, ఎడమచెయ్యి మూడు వేళ్లతో మొక్కలను బురదలో చకచకా గుచ్చుతోంది. హాలంతా ఈలలు.

బుల్లెమ్మకు ఆ షూటింగు రోజు గుర్తొచ్చింది. ఆనాడు కెమెరా ముందు తన వేళ్లు వణికాయి. దర్శకుడు విసుక్కుని, పక్కన నాటుతున్న ఎడమచేతి వాటం పిల్లను పిలిచాడు. ఆ పిల్లే నింగవ్వ. టీవీలో ఈ పాట వచ్చినప్పుడల్లా బుల్లెమ్మ ఏదో పనుందని లేచి వెళ్లిపోయేది. ఇవాళ లేవడానికి లేకపోయింది.

విరామంలో చంద్రమోహన్ శాలువా తెచ్చి ఆమెను వేదిక మీదికి పిలిచాడు.

"రెండు ముక్కలు మాట్లాడండి పిన్నిగారూ."

బుల్లెమ్మ మైకు అందుకుంది. "శాలువా ఆపు అబ్బాయ్. ఆ చేతులు నావి కావు. నేను కుడిచేత్తో నాటేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కళ్లూ పట్టుకోలేదేంటయ్యా? అవి మా నింగవ్వ చేతులు. ఆ చేతులకు రావాల్సిన పేరు నేను వాడుకున్నాను. ఒసే నింగవ్వా, ఇటు రావే!"

నింగవ్వ కుర్చీలు పట్టుకుంటూ నెమ్మదిగా వచ్చింది.

"ఇన్నాళ్లూ నోరెత్తలేదేమే?" అంది బుల్లెమ్మ. ఆ మాట మైకులో అందరికీ వినబడింది.

"నా చేతులని నాకు ఎరుక లేదా అక్కా? మా ఇంట్ల అందరికీ ఎరుకే. పాట వస్తే చాలు, పిల్లలకు చూపిస్తుంటి. బయట నువ్వు చెప్తేనే బాగుంటదని గిట్ల ఊకున్న."

బుల్లెమ్మ చంద్రమోహన్ చేతిలోని శాలువా తీసుకుని, నింగవ్వ భుజాల మీద తానే కప్పింది. అప్పుడు మోగాయి చప్పట్లు. వెనక వరసల్లోని కూలీ ఆడవాళ్లు లేచి నిలబడి మరీ కొట్టారు.

నింగవ్వ చంద్రమోహన్ వైపు తిరిగింది. "సావుకారూ, పాట మల్లొక్కపారి ఏయిస్తవా? ఎనక నుంచి మంచిగ కనపడలే."

పాట మళ్లీ వేశారు. ముందు వరసలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నింగవ్వ తల నిటారుగా పెట్టి చూస్తోంది.

"జర ఆ వరస సూడు అక్కా. సక్కగ రావాలని తాడు పట్టలే, ఏం పట్టలే. ఎక్కడన్న వంకర ఉందా?"

"లేదే," అంది బుల్లెమ్మ, వెనక వరసలకు వినబడేలా. "ఒక్క మొక్క కూడా పక్కకు పోలేదు."