అత్తయ్య చెప్పిన కొలత

టేపు ఒకటి చూపిస్తే అత్తయ్య నోరు ఇంకొకటి చెబుతుందని కోడలికి కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. ఇంటి ముందు గదే వాళ్ల కుట్టు కొట్టు. అత్తయ్య కొలతలు తీసి పైకి చెప్పేది, కోడలు బల్ల దగ్గర గుడ్డ కోసేది. కాస్త ఒళ్లు చేసినవాళ్లకు నడుము దగ్గర రెండంగుళాలు తగ్గించి చెప్పడం అత్తయ్య అలవాటు. ఆ సంగతి తెలియక కోడలు మొదటిసారి చెప్పినంతే కోస్తే, పక్క వీధి నర్సమ్మ ఆ గౌనులోకి తల దూర్చి, ముందుకు పోలేక వెనక్కి రాలేక గింజుకుంది.

"నేను చెప్పేది వాళ్ల చెవులకమ్మా. నువ్వు మనిషిని చూసి కొయ్యాలి," అంది అత్తయ్య ఆ రోజు, కోప్పడకుండా.

అప్పటి నుంచి ఇద్దరికీ చెయ్యి కలిసింది. అత్తయ్య ప్రతి మాటకీ గుండీ కుట్టినట్టు 'నిజంగా' అని తగిలించేది. నిజంగా చిక్కావు, నిజంగా ఈ రంగు నీకోసమే పుట్టింది. మా అమ్మ ఒట్టు కూడా వేసిందంటే ఇక అస్సలు నమ్మకు అని మొగుడు నవ్వేవాడు. ఎవరికి నష్టం అని కోడలూ నవ్వేది.

టీచరమ్మ దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. ఏళ్ల తరబడి వాళ్ల దగ్గరే కుట్టించుకుంటున్న మనిషి. వానలు మొదలయ్యాక గౌను కోసం వచ్చినప్పుడు చూస్తే మెడ కింద ఎముకలు తేలి ఉన్నాయి.

"నిజం చెప్పండి పిన్నిగారూ, నేను చిక్కానా? డాక్టరు దగ్గరికి వెళ్లమని మా అక్క ప్రాణం తీస్తోంది."

అత్తయ్య టేపు చుట్టి పాత కొలతే చెప్పింది. కోడలు మనిషిని చూసి కోసింది. గౌను ఒంటికి అతికినట్టు కుదిరింది. పాత కొలతకే సరిపోయింది కదా, ఇక అక్క నోరు మూయించవచ్చు అంటూ టీచరమ్మ తేలికపడి వెళ్లిపోయింది.

ఆ మాట కోడలికి ముల్లులా గుచ్చుకుంది. అత్తయ్య అబద్ధం గాలికి పోయేదే. దానికి రుజువు కుట్టి ఇచ్చింది మాత్రం తను.

చలి మొదలయ్యాక టీచరమ్మ కోటు కోసం వచ్చింది. చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది. అత్తయ్య మళ్లీ అదే అంకె చెప్పింది. ఆవిడ వెళ్లాక, ఉన్నది చెప్పేద్దాం అత్తయ్యా అని కోడలు అడిగి చూసింది. అసలే బెదిరి ఉన్న మనిషిని ఇంకా బెదరగొట్టడం పాపమనీ, మంచి మాట సగం మందనీ అత్తయ్య కొట్టిపారేసింది.  కోడలు గుడ్డ పరిచి, అత్తయ్య చెప్పిన కొలతకే, వెంట్రుకవాసి తేడా లేకుండా కోసింది.

కోటు వేసి చూసుకోవడానికి వచ్చిన రోజు టీచరమ్మ అద్దం ముందు నిలబడి, నడుము దగ్గర మిగిలిన గుడ్డను పట్టుకుంది. పిడికిలి నిండింది.

"ఏమే, చెయ్యి తప్పిందా?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా. మీరు చెప్పినంతే కోశాను."

టీచరమ్మ అద్దంలోంచే కోడలి వైపు చూసింది. "మరి ఆ గౌను?"

"మిమ్మల్ని చూసి కోశానండీ."

 టీచరమ్మ కోటు విప్పి కుర్చీ మీద వేసింది. చేతులు కొంచెం ఎత్తి అత్తయ్య ఎదుట నిలబడింది.

"మళ్లీ కొలవండి పిన్నిగారూ. టేపు మీద ఉన్నదే చదవండి."

అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుని టేపు చుట్టింది. చదవడానికి చాలాసేపు పట్టింది. చదివాక టీచరమ్మ స్టూలు మీద కూర్చుని అక్కకు ఫోన్ చేసి, రేపు తనతో ఆసుపత్రికి రాగలవా అని అడిగింది. అవతల అక్క ఏమందో కానీ, ఊఁ, ఊఁ అని విని పెట్టేసింది.

కోటు ఏం చేయమంటారని కోడలు మెల్లగా అడిగింది.

"ఇప్పుడున్న ఒంటికి సరిపోయేలా చెయ్యమ్మా. పొద్దున్నే చలిలో వెళ్లాలి కదా."

అత్తయ్య కోటును ఒళ్లోకి లాక్కుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. రెండు కుట్లు విప్పి, తలెత్తకుండానే, "ఆ లైటు వెయ్యవే, కనపడటం లేదు," అంది.