తెరిచి వదిలిన ఫైలు

సుమయ్య అత్తగారికి చాయ్ వడగడుతుండగా కింది దుకాణం నుంచి భర్త అవేజ్ ఫోన్ చేశాడు. "మల్ల లాక్ అయింది. పైన తెరిచి పెట్టి యాడికి పోయినవ్?"

కింద మందుల హోల్‌సేల్ దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో ఒక కంప్యూటర్, పైన పడకగది కిటికీ దగ్గర ఇంకొకటి. రెండింటికీ స్టాకు ఫైలు ఒక్కటే. కొత్తగా వచ్చిన మందుల బ్యాచి నంబర్లు, గడువు తేదీలు ఎక్కించేది సుమయ్యే. ఆమె ఒక వరస సగంలో వదిలి లేస్తే కింద బిల్లు కొట్టడం కుదరదు. ఫైలును మరొకరు వాడుతున్నారని తెర మీద వస్తుంది.

కాసేపటికి అవేజ్ పైకి వచ్చాడు, వెంట కంప్యూటర్లు బాగుచేసే భానుప్రసాద్.

"ఇగో, అసలు ఫైల్ పక్కకే గీ చిన్న ఫైల్ ఉన్నది సూడుండ్రి మేడం. ఎవలన్న తెరిస్తే ఇది పుడ్తది, అందరు మూస్తే అదే పోతది. కింద తీసేద్దామని చూస్తే పోలే, మీరు లోపలనే ఉన్నరు గద. లేచేటప్పుడు వరస పూర్తి చేసి మూసెయ్యాలె. గంతే, ఇంకేం బీమారి లేదు."

"దీనికి మతిమరుపు భాయ్," అవేజ్ నవ్వాడు. "పొయ్యి మీది పాలే యాదికుండయి, ఫైల్ ఎంత."

మతిమరుపేనని ఆమె కూడా ఇన్నేళ్లు నమ్మింది. ఇప్పుడు సగం వరసలో కొట్టుకుంటున్న కర్సర్‌ను చూస్తుంటే, తాను ఏదీ మరచిపోలేదనిపించింది. ఏ మందు దగ్గర ఏ పిలుపుకు లేచిందో చెప్పగలదు. షుగర్ మాత్రల దగ్గర అత్తగారి మోకాళ్లకు తైలం. దగ్గుమందు దగ్గర ఆడపడుచు పిల్లలకు ఉప్మా. లేచిన ప్రతిసారీ మూసే వ్యవధి ఉంది. మూయలేదు. మూస్తే మళ్లీ ఈ కుర్చీలోకి రానివ్వరేమో; తెరిచి ఉంటే తన చోటు తనకు ఉంటుంది. నిర్మల్ కాలేజీలోనూ అంతే చేసింది. ఆఖరి సంవత్సరం నిఖా కోసం ఖానాపూర్ వెళ్తూ, ల్యాబులో మేకుకు తన తెల్లకోటు కావాలనే వదిలి వచ్చింది. తిరిగి వచ్చి పరీక్షలు రాస్తానని బాపుతో అనలేదు, అవేజ్‌తో అనలేదు. కోటే చెబుతుందన్నట్టు ఊరుకుంది. నోటితో అనాల్సిన చోటల్లా ఏదో ఒకటి వదిలి రావడమే చేసింది. అది ఎవరికీ వినిపించలేదు. వాళ్లను అని ఏం లాభం? అడిగి ఉంటే బాపు ఒప్పుకునేవాడేమో. ఆ 'ఏమో' ఆమెను ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది.

"గీ పైన సిస్టమే వద్దు," అన్నాడు అవేజ్. "కిందికి తీసుకపో. మా గుమాస్తా గోపాల్ ఎక్కిస్తడు. ఈమెకు ఇంట్ల పనే చాన ఉన్నది."

భానుప్రసాద్ వైర్ల కోసం వంగాడు. లోపలి గది నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "సుమయ్యా, జర ఇటు రా బేటీ. దిండు జారింది."

కాళ్లు వాటంతటవే కదిలాయి. గడప దాకా వెళ్లి సుమయ్య ఆగింది. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"జర ఆగు తమ్మీ, వరస పూర్తి చేస్త. మూసినంక తీసుకపో. నేను గూడ కిందికే వస్త. గోపాల్ పక్కకు ఇంకో కుర్చీ ఎయ్యాలె."

"దుకాణంల కూసుంటవా?" అవేజ్ గొంతు తగ్గించాడు. బయటి మనిషి ముందు అరవలేడు. "మన ఇంట్ల ఆడోళ్లు ఎన్నడన్న కూసున్నరా? అమ్మీ పిలుస్తే ఎవలు పోతరు?"

అత్తగారు మళ్లీ పిలిచారు.

సుమయ్య తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడైతే మీరు పోండి," అంది. "నాకు ఇంక సగం వరస ఉన్నది."