లొరెదానా ఎక్కని గోపురం

పీసాలో చదువుకునేవాళ్ళు పట్టా చేతికొచ్చేదాకా ఆ ఒరిగిన గోపురం ఎక్కరు. ఎక్కితే ఇక ఈ జన్మకు పట్టా రాదని ఊరందరికీ తెలుసు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఈ ఒక్క మాట దగ్గర నోరు మూసుకుని పక్కనుంచి తప్పుకుపోతారు.

లొరెదానా అలా తప్పుకుపోవడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. ఇంజనీరింగులో ఒక్క పరీక్ష మిగిలుండగా, కడుపులో బిడ్డతో చదువు ఆగిపోయింది. ఏ నేల ఎంత బరువు మోస్తుంది, ఎప్పుడు కుంగుతుంది అన్నది ఆ పరీక్ష. ఆ తరవాత క్రెమోనా మునిసిపల్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఇంజనీర్ల సంతకాల కోసం ప్లాన్లు మోసింది. వాటిలో తప్పులు ఆమె కంటికి ఇట్టే దొరికేవి. చెబితే దిద్దుకుని, సంతకం మాత్రం వాళ్ళే పెట్టుకునేవాళ్ళు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రిటైరయ్యాక, కిందటి నవంబరులో, మొగుడితో మాటమాత్రం చెప్పకుండా మళ్ళీ ఆ చదువులో చేరింది. పాత పరీక్షలన్నీ చెల్లుతాయన్నారు. మిగిలిన ఆ ఒక్కటీ ఈ సోమవారం. అందుకే ఈ వేసవి క్యాంపర్ వ్యాను ప్రయాణానికి దారి తనే గీసింది, ఆదివారానికి పీసా చేరేలా. మొగుడు ఒరెస్తే, పాపం, తాపీమేస్త్రీ. గోడ వంకరైతే పట్టేస్తాడు గానీ పెళ్ళాం గీసిన దారిలో వంకర పట్టలేడు.

ఆదివారం పొద్దున వ్యాన్ని ఊరి బయట నిలిపి, కోటగోడ వెంట నడిచి గోపురం దగ్గరికి వచ్చారు. ఒరెస్తే తలెత్తి చూసి పెదవి విరిచాడు.

"నా పనివాళ్ళు ఇలా కడితే చెవి మెలేసి కూలగొట్టించేవాణ్ణి. మన క్రెమోనా గోపురం దీనికి రెట్టింపు ఎత్తు, వెంట్రుకవాసి వంగలేదు. దాన్ని చూడ్డానికి ఒక్కడూ రాడు!"

"తిన్నగా ఉన్నవాళ్ళని ఎవరు చూస్తారులే," అంది లొరెదానా.

ఒరెస్తే గర్వంగా జేబులోంచి రెండు టికెట్లు తీశాడు. "పదకొండింటికి మన వంతు. అన్నేళ్ళు పీసాలో ఉండి పైకెక్కలేదని అనేదానివి కదా? ఇవాళ ఎక్కిస్తా."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "నువ్వెళ్ళు. నాకు మోకాళ్ళు..."

"నిన్న కొండెక్కినప్పుడు లేవా మోకాళ్ళు? సంచీ ఇటివ్వు, పైకి రానివ్వరట." అందుకుని తూలాడు. "ఏంటిది, ఇటుకలు మోస్తున్నావా?"

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అరవై మూడేళ్ళొచ్చి చదువుకుంటున్నానని చెప్పడానికి సిగ్గెందుకు అనిపించింది.

"పుస్తకం. రేపు నాకు పరీక్ష. పట్టా వచ్చేదాకా నేను దాన్ని ఎక్కను."

ఒరెస్తే సంచీని చంకలో పెట్టుకుని ఆమెను తేరిపార చూశాడు. "నల్లపిల్లి ఎదురైతే మా అమ్మ వెనక్కి తిరిగేది. నువ్వు పడీపడీ నవ్వేదానివి!"

"పిల్లిని ఇప్పటికీ నమ్మను. దీన్ని నమ్ముతా."

"ఎప్పట్నుంచీ ఈ చదువు?"

"నవంబరు."

"ఎనిమిది నెలలు దాచావా!" అతని మొహం మాడిపోయింది. "నవ్వుతాననుకున్నావా?"

"నవ్వితే తిట్టేదాన్ని. ఓదారుస్తావని భయం. అప్పుడు చదువు ఆగినప్పుడూ అంతే, 'పోనీలే, ఇంజనీరు కాకపోతే ఏం' అన్నావు. ఆ పోనీలే ఇంకోసారి వినే ఓపిక లేదు నాకు."

ఒరెస్తే వెళ్ళి చర్చి మెట్ల మీద నీడలో కూలబడ్డాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. అతను సంచిలోంచి పుస్తకం లాగి, కళ్ళజోడు పెట్టుకుని, సున్నంతో బండబారిన వేలు ఒక వరుస కింద ఆనించాడు.

"బంకమట్టి మీద బరువు పెడితే వెంటనే ఎందుకు కుంగదు?"

"ముందు ఆ బరువు మట్టిలో ఉన్న నీళ్ళు మోస్తాయి. నీళ్ళు మెల్లగా బయటికి పోయేకొద్దీ మట్టి అణుగుతుంది, గట్టిపడుతుంది." ఆమె గొంతులో తడబాటు లేదు. గోపురం వైపు చెయ్యి చూపింది. "దీనికీ అంతే. మూడంతస్తులు లేచాక యుద్ధాలొచ్చి పని ఆగిపోయింది, దాదాపు వందేళ్ళు. ఆ వందేళ్ళలో కింద మట్టి గట్టిపడింది. ఆగకుండా కట్టుంటే అప్పుడే కూలిపోయేది."

పదకొండు గంటలవాళ్ళు వరుసగా లోపలికి వెళ్ళిపోతున్నారు. ఒరెస్తే వాళ్ళ వంక చూడనే లేదు.

"అంటే మధ్యలో ఆగడం మంచిదే అయిందన్నమాట," అన్నాడు, ఆమెనే చూస్తూ.

"గోపురానికి మంచిదయింది. నాకు కాదు, ఒరెస్తే. నా నలభై ఏళ్ళు పోయాయి."

ఓదార్పు మాట అతని పెదాల దాకా వచ్చింది. లొరెదానాకి అది స్పష్టంగా కనిపించింది. అతను దాన్ని మింగేసి, పేజీ తిప్పాడు.

"రెండో ప్రశ్న," అన్నాడు. "ఈసారి గోపురాన్ని చూపించకుండా చెప్పు. రేపు పరీక్ష గదిలో అది ఉండదు."

లొరెదానా గోపురానికి వీపు పెట్టి కూర్చుంది.