బెథానియా సమాధుల తోటలో మేకలు

మా ఊరి ప్రార్థనామందిరం, బెథానియా చాపెల్, మూతపడి చాలా ఏళ్లయింది. భవనాన్ని ఎవరో కొనుక్కుని ఇల్లుగా మార్చుకున్నారు. వెనకున్న సమాధుల తోట మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. దాన్ని ఎలీనెడ్ పట్టించుకుంది.

ఎలీనెడ్ ఒకప్పుడు మా పోస్టాఫీసు నడిపిన మనిషి. శనివారం వచ్చిందంటే తలుపులు తట్టి, మా అయిదారుగురి చేతుల్లో కత్తెరలూ బకెట్లూ పెట్టి తోలుకుపోయేది. మెత్తటి బ్రష్షూ మంచినీళ్లూ తప్ప సమాధుల పలకరాళ్ల మీద ఇంకేదీ పడనిచ్చేది కాదు. రాళ్లు కడిగేవాళ్లం, ఒరిగినవాటిని నిలబెట్టేవాళ్లం. గోడవార ముళ్లపొదల దగ్గర మాత్రం ఏటా ఓడిపోయేవాళ్లం.

అటు తొంగిచూడనిది ఒక్క ఇద్వాలే. అతని మేకల పొలం సమాధుల గోడను ఆనుకునే ఉంది. చాపెల్ అమ్మేద్దామని చెయ్యెత్తినవాళ్లలో అతనొకడు. ఆనాటి నుంచి ఎలీనెడ్ అతనితో మాట మానేసింది. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఇప్పుడు రొట్టెల దుకాణంలో ఎదురైతే ఆమె రొట్టెలకేసీ అతను పైకప్పుకేసీ చూసేవారు. మాది చచ్చినవాళ్లకు క్షవరం చేసే సంఘమని అతను పబ్‌లో వెక్కిరించేవాడట.

ఆ మార్చిలో వారం పొడుగునా వాన. ఎవరం అటు వెళ్లలేదు. తెరిపిచ్చాక గేటు తీస్తే లోపల ఇద్వాల్ మేకలు. గోడ కూలినచోట దూరి, ఎలీనెడ్ నాటిన ప్రిమ్‌రోజ్ పూలన్నీ మేసేశాయి. బ్లోద్వెన్ అనే ముసలి మేక ఓ చాపెల్ పెద్దగారి సమాధి మీద పడుకుని నెమరేస్తోంది. ఎలీనెడ్ మొహం చూసి నేను వెనక్కి తగ్గాను.

ఆమె గోడ వైపు చూస్తూ నిలబడిపోయింది. అక్కడ ముళ్లపొదలు లేవు, కొరికేసిన కాడలే మిగిలాయి. వాటి మధ్య మోకాలెత్తు కూడా లేని పలకరాళ్లు వరసగా ఉన్నాయి. ఊళ్లో గొంతు జబ్బు వచ్చిన ఏడాది పోయిన పిల్లలవి. మాలో ఎవరమూ అంతకుముందు వాటిని చూడలేదు. ఎలీనెడ్ బురదలోనే మోకరిల్లి, చేత్తో తుడుస్తూ ఒక్కో పేరూ చదివింది. చివరి రాయి దగ్గర ఆగిపోయింది. తర్వాత లేచి తిన్నగా ఇద్వాల్ ఇంటికి నడిచింది. కొట్లాట తప్పదనుకుని నేనూ వెంటపడ్డాను.

అతను తలుపు తీసి, తప్పించుకున్న మేకలు మా దగ్గరున్నాయని తెలిసి నీళ్లు నమిలాడు. పై పొలంలో ఉన్నాయనుకున్నాడట. పూల మొక్కలు మళ్లీ తెచ్చిస్తానన్నాడు.

"పూల సంగతి తర్వాత. మీ నాన్నకో చెల్లెలుండేది కదూ?"

"గ్వెన్నో. చిన్నప్పుడే గొంతు జబ్బుతో పోయింది. అప్పుడు నాన్న కూడా అదే జబ్బుతో మంచంలో ఉన్నాట్ట. ఎక్కడ పెట్టారో ఆయనకీ తెలీదు. నాయనమ్మ ముందు ఆ మాటెత్తితే చాలు, ఏడ్చేదట. ఎందుకడుగుతున్నావ్?"

"టోపీ పెట్టుకుని రా. చూపిస్తా."

చివరి రాయి మీద, ఇంటిపేరు చెక్కినట్టు, అతని పొలం పేరు, దాని కింద గ్వెన్నో, ఆరేళ్లు అని ఉంది. ఇద్వాల్ టోపీ తీసి, మోకాళ్ల నొప్పులతోనే మెల్లగా చతికిలబడ్డాడు.

"ఇంత దగ్గర్లో ఉందా? రోజూ ఈ గోడ పక్కనుంచేగా మేకల్ని తోలుతున్నా," అన్నాడు.

ఎలీనెడ్ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఈలోగా బ్లోద్వెన్ వచ్చి టోపీ అంచు నమలడం మొదలెట్టింది. ముందు నవ్వింది అతనే.

"నీ మేకలు నాకు కావాలి ఇద్వాల్. పడమటి మూలంతా ఇంకా ముళ్లపొదలే," అంది ఎలీనెడ్. "గోడ కూడా నువ్వే కట్టాలి."

"పోస్టాఫీసు పోయినా పెత్తనం పోలేదు నీకు."

గోడ కట్టాడు. రాళ్లకు ఒళ్లు రుద్దకుండా మేకల్ని తాళ్లతో కట్టి, తనే కాపలా కూర్చునేవాడు. మా టీ మరీ పల్చనని సణిగేవాడు గాని శనివారం ఒక్కటీ మానలేదు.

మే నెలలో ఆ పిల్లల వరస ముందు నిలబడి కీర్తన పాడాం. ఇద్వాల్ మరీ కింది శ్రుతిలో ఎత్తుకున్నాడు. ఎలీనెడ్ మధ్యలో ఆపి, పిల్లలు వింటున్నారు, సరిగ్గా పాడమని కసిరింది. రెండోసారి బాగానే కుదిరింది.