బరువు బఫర్, పాత బఫర్

మార్చి చివరి శనివారం. గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. నా పొడుగు గొట్టం తుపాకిలో బరువు బఫర్ వేసుకుని గురి పోటీకి వచ్చాను. భుజానికి ఆనించే తుపాకి మడమ లోపల స్ప్రింగుతో పాటు వెనక్కీ ముందుకీ ఆడే దిమ్మ అది. బరువైనదైతే భుజానికి దెబ్బ మెత్తగా తగులుతుంది. నా కుడి భుజానికి ఏప్రిల్‌లో ఆపరేషన్. ఆ తర్వాత మళ్ళీ తుపాకి పట్టగలనో లేదో డాక్టరు చెప్పలేదు. ఇలాంటి పోటీల్లో పాయింట్లు కూడితే ఇచ్చే బ్యాడ్జికి ఇంకా ఆరు పాయింట్లు కావాలి. పదకొండేళ్లుగా కూడబెడుతున్నాను.

నిలబడి కాల్చే వంతు బాగానే గడిచింది. కానీ నిన్న మధ్యాహ్నం మా పొలంలో కాల్చినప్పుడు నాలుగడుగుల అవతల పడిన ఖాళీ తూటా తొడుగులు ఇవాళ నా కాలి పక్కనే పడుతున్నాయి. చలికి తూటాల్లో మందు జోరు తగ్గింది. బరువు బఫర్ పూర్తిగా వెనక్కి పోవడం లేదు, ఇలాగైతే తర్వాతి తూటా ఎక్కకపోవచ్చు.

తర్వాతి వంతు కూర్చుని, నిమిషంలో పది తూటాలు. మధ్యలో తుపాకి ఆగితే ఆగినట్టే. ఈ పోటీలో మళ్ళీ కాల్చనివ్వరు.

నా భార్య తమ్ముడు లైల్ కోటు జేబులోంచి పాత బఫర్ తీశాడు. తేలికది.

"మార్చేస్తావా బావా?"

"మారిస్తే భుజం లాగేస్తుంది."

"మార్చకపోతే తుపాకి అలుగుతుంది. అలకలు నీకు అలవాటేగా, మా అక్కతో."

"నోర్ముయ్."

తుపాకులు విప్పుకునే బల్ల దగ్గరికి వెళ్ళి విప్పాను. మళ్ళీ బిగించాను. వరుస చివరిదాకా నడిచి వచ్చాను. మళ్ళీ విప్పాను.

"పెళ్ళికి కూడా ఇంత ఆలోచించలేదు నువ్వు," అన్నాడు లైల్.

"ఆలోచించాల్సింది."

ఇంకా ఐదు నిమిషాలే అని మైకులో చెప్పారు. పాతదే వేశాను.

పదీ పేలాయి. నా పక్కనున్న మనిషి తుపాకి ఏడో తూటా దగ్గర ఆగిపోయింది. అతను అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు. అధికారి తల అడ్డంగా ఊపాడు. నేను చేసింది మంచిదే అనుకున్నాను. అంతలో, గురి అట్టలు దించి చూసే గుంటలోంచి నా అట్ట పైకి లేచింది. ఎనిమిది చిల్లులు నడుమనే ఉన్నాయి. చివరి రెండూ ఎడమ అంచున. దెబ్బ తగలకముందే భుజం ముడుచుకోవడం మొదలుపెట్టిందని నాకు తెలుసు.

సాయంత్రానికి జాబితా అంటించారు. పాయింట్లు వచ్చిన చివరి పేరు కిందే నా పేరు.

ఇంటికి వస్తుంటే లైల్ బండి నడిపాడు. నేను అద్దం దించాను, ఎత్తాను, మళ్ళీ దించాను. బరువుది ఉంచి ఉంటే పదీ పేలేవో లేదో.

"జూన్ పోటీకి ఎండలు ముదురుతాయి. బరువుది చక్కగా ఆడుతుంది," అన్నాను.

"జూన్‌లో నీ చెయ్యి మెడకి వేలాడుతుంటుంది బావా."

"ఆసుపత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ జూలైకి మార్చమని చెప్పు."



"వాళ్ళకి నేను చెప్తాను. అక్కకి నువ్వే చెప్పుకో."