కింది పెట్టె

మా తోడికోడలి పెట్టె రాకెట్‌లో పైకి వెళ్ళింది. నా పెట్టె కింద ఉండిపోయింది. ఈ రెండు ముక్కలు చెప్పాలంటేనే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇద్దరం ఒకే పరిశోధనశాలలో పనిచేస్తాం. ఆమెకి అక్కడ ఉద్యోగం వేయించింది నేనే. గిన్నె అడుగున అంటుకున్న కణాలు చెదరకుండా పాత ద్రవం తీసి కొత్తది ఎలా పోయాలో చెయ్యి పట్టుకుని నేర్పిందీ నేనే. "అక్కా, అక్కా" అంటూ నా వెనకే తిరిగేది. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉండేది. అలాంటి మనిషి ఒకరోజు గుట్టుచప్పుడు కాకుండా పెద్దసారుకి ఓ ప్రయోగం రాసిచ్చింది. బరువు లేని చోట గుండె కణాలు తొందరగా నీరసిస్తాయట. ఎందుకో తెలుసుకుంటే ఇక్కడి జబ్బు గుండెలకి వైద్యం దొరకవచ్చట. పెద్దసారు ఎగిరి గంతేశాడు. చెప్పుల పెట్టెంత ఉండే ఆ పెట్టె మీద ఆమె పేరు పడింది.

అయితే ఒక్క పెట్టె పంపితే సరిపోదు. అవే కణాలతో అలాంటిదే ఇంకో పెట్టె కింద ఉండాలి. పైన ఏం జరిగితే కింద అదే జరగాలి. పైన కణాలకి ఆహారం వ్యోమగామి ఆలస్యంగా ఇస్తే ఇక్కడా ఆలస్యంగానే ఇవ్వాలి. అప్పుడే రెండింటికీ వచ్చిన తేడా బరువు లేకపోవడం వల్లేనని ధైర్యంగా చెప్పగలం. ఆ కింది పెట్టె నాకు అంటగట్టారు.

ఇంట్లో సంబరం చూడాలి! మా అత్తగారి గుండె కూడా అంతంతమాత్రం. మెట్లెక్కితే మధ్యలో కూర్చుంటారు. అలా కూర్చున్న ప్రతిసారీ పక్కింటావిడకి అదే కబురు.

"మా చిన్నది గుండెని ఆకాశానికి పంపిందమ్మా!"

"మరి పెద్దకోడలో?"

"అదా? ఏదో పెట్టెకి కాపలా కాస్తోందిలే."

నా చెవులతో విన్నాను. ఆ పూట గిన్నెలన్నీ దడదడలాడించాను. మా ఆయన తొంగిచూసి, "నీకు కుళ్ళు," అన్నాడు.

"అవును, కుళ్ళే. అయితే ఏంటట?" అన్నాను.

నాకున్న ఊరట ఒక్కటే. ప్రయోగం అయ్యాక నా పెట్టెలోంచి లెక్కకి కొన్ని కణాలు తీసుకుని, మిగతావన్నీ నాకే ఇస్తానని పెద్దసారు మాటిచ్చాడు. చచ్చుబడిన గుండె మీద అతికించే చిన్న మాసిక తయారు చేయాలని నాకెప్పటినుంచో ఆశ. దానికి సరిపోయే కణాలు ఎన్నిసార్లు పెంచినా కుదిరేవి కావు. ఈసారి కుదిరాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ ఒక్కసారిగా ముడుచుకుని ఒక్కసారిగా విచ్చుకునేవి. రోజూ పొద్దున్నే వెళ్ళి ముందు వాటిని చూసుకునేదాన్ని. ఆమెకి ఆకాశం ఉంటే నాకు ఇవి ఉన్నాయిలే అనుకునేదాన్ని.

ఓ మధ్యాహ్నం చిన్నది నా గదిలోకి వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, పైన హీటర్ ఆగిపోయింది. పెట్టె చల్లబడిపోయింది. సాయంత్రానికి గానీ బాగవదట."

అబద్ధం ఎందుకు చెప్పాలి? బాగా అయింది అనుకున్నాను. అత్తగారి మొహం ఎలా వాడిపోతుందో కూడా ఊహించుకున్నాను. కానీ చిన్నది కదల్లేదు. నా పెట్టె వైపే చూస్తోంది. అప్పుడు వెలిగింది నాకు.

"నీ పెట్టె చల్లబడితే నా పెట్టెనెందుకు చల్లార్చాలే? నీ ఖర్మకి నేను పూచీయా?"

"పద్ధతి అదే కదక్కా."

"పద్ధతులు నాకు చెప్పకు. నీకు నేర్పిందే నేను!"

ఆమె తల దించుకుంది. మెల్లగా అంది. "పోనీలే అక్కా. ముట్టుకోకు. నా ప్రయోగం చెడిపోయిందని సారుతో నేనే చెప్తాను. నీ కణాలైనా నీకు దక్కుతాయి. పాపం, ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు."

పాపమట! నా మీద జాలి! పేరు ఆమెదీ, ఆకాశం ఆమెదీ, ఇప్పుడు త్యాగం కూడా ఆమెదేనా? ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా ఏడ్చేసేదాన్ని. పళ్ళు బిగబట్టి మీట తిప్పాను. పైన ఎంత చల్లబడిందో అడిగి, అంతే చల్లబరిచాను. ఓ పిసరు తక్కువ తిప్పితే ఎవరికీ తెలిసేది కాదు. ఆ పిసరు కూడా వదల్లేదు. నా పనిలో ఆమెకి వంక దొరకకూడదు.

తర్వాత సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి కూర్చున్నాను. కొట్టుకోవడం నెమ్మదించింది. ఓ మూల ఆగింది. ఇంకో మూల ఆగింది. చివరికి ఏవీ కదల్లేదు. సాయంత్రం పైన హీటర్ పనిచేసిందని కబురు రాగానే నేనూ వేడి పెంచాను.

మర్నాడు పొద్దున పైనుంచి వీడియో వచ్చింది. పైనున్న కణాలు మళ్ళీ కొట్టుకుంటున్నాయి. నావి ఒక్కటీ లేవలేదు.

పెద్దసారుకి కాళ్ళు నేల మీద ఆగలేదు. చలికి చావని గుండె కణాలు! మార్పిడి కోసం మంచులో పెట్టి పంపే గుండెలు దారిలో పాడవకుండా ఉండే ఉపాయం ఇందులో దొరకొచ్చట. "కిందివి చచ్చిపోవడమే మన అదృష్టం! లేకపోతే ఎవడు నమ్ముతాడు?" అని నా ముందే చప్పట్లు కొట్టాడు. చిన్నది వచ్చి నన్ను వాటేసుకుంది. నేను కొయ్యలా నిలబడ్డాను.

ఆ రోజు భోజనాల దగ్గర అత్తగారు చిన్నదాన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నారు. "అత్తయ్యా, అసలు అక్క లేకపోతే..." అని అది ఏదో మొదలుపెట్టింది. ఇంతలో ఫోను మోగింది. మళ్ళీ ఎవరో అభినందనలు. అది నవ్వుకుంటూ అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

అత్తగారు నా వైపు తిరిగారు. "మరి నీ పెట్టెలోవి ఏమయ్యాయే?"

"చచ్చిపోయాయి."

"అయ్యయ్యో! దాన్ని చూసైనా కాస్త జాగ్రత్తగా చూసుకోవద్దూ?"

నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

"చాలా జాగ్రత్తగా చూశానత్తయ్యా," అన్నాను. "అందుకే చచ్చిపోయాయి."