బల్లకి బెల్లం పెట్టిన గురువమ్మ

చీమలు వెళ్లాలి.

బెల్లం కరగాలి.

పాలిష్ పరదేశి రావాలి.

నాలుగు గంటల బస్సు కంటే ముందు నాలుగు సొట్టలూ లేవాలి.

అప్ప వచ్చేసరికి బల్ల, ఏమీ ఎరగని బల్లలా, నిలబడి ఉండాలి.

పొద్దున్నే గురువమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకున్న పనులు ఇవీ. ఐదు వేళ్లూ అయిపోయాయి. పని ఒక్కటీ అవలేదు.

టేకు బల్ల మీద బెల్లం వాసన. వాసన వెంట చీమలు. కిటికీ నుంచి బల్ల దాకా ఎర్రటి గీత… ఎవరో సూదీ దారంతో కుట్టినట్టు.

ఆ బల్ల గురువమ్మది కాదు.

కొండకర్లలో ఉండే అప్ప తలుపులమ్మది. ఒక్క కడుపున పుట్టిన అప్పాచెల్లెళ్లు. చెరుకు తోటకి నీటి వంతు దగ్గర మాటా మాటా పెరిగి, ఆరేళ్లు మాటల్లేవు. ఆరేళ్లు… సంతలో ఎదురుపడితే ఒకరు వంకాయలు చూసేవారు, ఒకరు ఆకాశం చూసేవారు.

మొన్న మాఘంలో తలుపులమ్మే ముందు పలికింది. గురువమ్మ కూతురు కుమారికి డిగ్రీ ఆఖరి ఏడాదని ఎవరో చెప్పారట. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. నేల మీద వంగి చదివితే నడుం పడిపోతుందని, ఆటో మీద బల్ల పంపించింది. బల్లతో పాటు ఫోనులో ఒక మాట.

“పరీచ్చలయ్యాక నానే వచ్చి పట్టుకెల్తాను.”

ఆ మాట విని గురువమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. పొయ్యి దగ్గర నవ్వింది. నూతి దగ్గర నవ్వింది. ఆరేళ్ల తర్వాత అప్ప గొంతు!

బల్ల చేసింది తలుపులమ్మ పెనిమిటి సన్యాసిరావు. వడ్రంగి కాదు… రైతు. ఒక వేసవిలో చెరుకు పని లేక, చేతులు ఊరుకోక, చేశాడు. ఒకే ఒక్క బల్ల. చేసిన రెండేళ్లకి పోయాడు.

అలాంటి బల్ల మీద ఎర్రిబాబు బెల్లం దిమ్మలు పెట్టాడు.

ఎర్రిబాబు గురువమ్మ మొగుడు. బట్టీ నుంచి తెచ్చిన దిమ్మలు, ఒక్క నిమిషమే కదా అని, ఒకదాని మీద ఒకటి. పై దిమ్మ జారింది. దొర్లింది. దొర్లిన ప్రతిచోటా దాని అంచు దిగింది. నాలుగు సొట్టలు.

“దిమ్మే గదే పడింది! ఏనుగు పడినట్టు అరుత్తావేటి?”

గురువమ్మ అరవడం ఆపింది. ఆలోచించడం మొదలుపెట్టింది.

పాతకాలం గోడలకి సున్నంలో బెల్లం కలిపేవారని అత్త చెప్పేది. గోడనే నిలబెట్టిన బెల్లం సొట్టని నింపలేదా? ముదురు పాకం పట్టింది. రంపపు పొట్టు కలిపింది. అన్నిటికంటే పెద్ద సొట్టలో పాకం గట్టిగా పట్టుకోవాలని, ముందు కత్తి మొనతో కాస్త గీకింది. తర్వాత నాలుగింట్లోనూ నింపింది.

ఎంత బాగా కుదిరిందో! టేకు రంగే. టేకు మెరుపే. రెండు రోజులు ఎవరి కంటికీ ఆనలేదు.

మూడో రోజు చీమలకి ఆనింది.

*

పదకొండింటికి పరదేశి సైకిలు దిగాడు. మంచాలకీ కుర్చీలకీ పాలిష్ పెట్టే మనిషి. వంగి చూశాడు. వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు.

“పాకం బాగా కుదిరింది సెల్లీ. అరిసెలు కూడా నువ్వే సేత్తావా?”

ఎర్రిబాబు పగలబడి నవ్వాడు. గురువమ్మ చూసింది. నవ్వు సగంలో ఆగింది.

గోరువెచ్చటి నీళ్లతో బెల్లం కడిగారు. చీమలు కాసేపు వెతికాయి… విందు మధ్యలో విస్తరి ఎత్తేసినట్టు. వెళ్లిపోయాయి.

“ఇస్త్రీ పెట్టుందా?” అన్నాడు పరదేశి.

“బల్లకి సొక్కా తొడుగుతావేటి బావా?” అన్నాడు ఎర్రిబాబు.

“ముందు నువ్వు తొడుక్కో. సాయంత్రం మీ వదినొత్తాది గదా!”

సొట్టల చుట్టూ పాత పాలిష్ పోయేదాకా గరుకు ఉప్పు కాగితంతో రుద్దాడు. నూలు గుడ్డ తడిపాడు. మడిచాడు. మొదటి సొట్ట మీద పరిచి, పైన వేడి ఇస్త్రీ పెట్టె ఆనించాడు.

సుయ్…

కొండకర్ల ఆవ నీళ్ల మీద పొద్దుటి మంచు లేచినట్టు, ఆవిరి.

కర్ర ఒకప్పుడు చెట్టు. నీళ్లంటే ఏమిటో దానికి తెలుసు. తాగింది. ఇంకోసారి తడి, ఇంకోసారి వేడి… ఇంకోసారి తాగింది. గుడ్డ తీస్తే సొట్ట సగమైంది. మళ్లీ తీస్తే లేదు.

లేదు!

గురువమ్మ అరచేత్తో తడిమింది. వెచ్చగా ఉంది. నిద్రలేచిన పిల్ల బుగ్గలా ఉంది.

రెండోది లేచింది. మూడోది లేచింది. ఆవిరి లేచినప్పుడల్లా గురువమ్మ కూడా మునివేళ్ల మీద లేచింది.

నాలుగోది లేవలేదు.

తడి. వేడి. సుయ్… లేవలేదు. తడి. వేడి. సుయ్… లేవలేదు.

పరదేశి గోటితో తడిమి చూశాడు.

“దీన్ని కత్తితో గీకేవా?”

గురువమ్మ తలూపింది.

“దిమ్మ పడితే కర్ర నలుగుతాది. నలిగిన పీచు నీల్లు తాగి లేత్తాది. నువ్వు పీచే తెంపేసేవు సెల్లీ. లేని పీచుని ఎక్కడ్నుంచి లేపను?”

ఇస్త్రీ పెట్టె టిక్కుటిక్కుమంటూ చల్లారింది.

“పోన్లే, లక్క పోసి పూడ్సేత్తాను. రంగు కలిపేత్తే మీ అప్పకి ఏటీ తెలీదు” అన్నాడు.

తెలీదు.

ఆ మాట దగ్గర గురువమ్మ ఆగింది. అప్పకి తెలీదు. తనకి తెలుసు. అప్ప ఫోను చేసిన ప్రతిసారీ తెలుసు. అప్ప నవ్విన ప్రతిసారీ తెలుసు. కొండకర్ల వెళ్లినప్పుడల్లా ఆ సొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవాలి.

“వద్దన్నయ్యా. దాన్నలా వదిలీ, పైన పాలిష్ పెట్టీ. నానే సెప్తాను.”

“సెప్పి మల్లీ మాటలు పోగొట్టుకుంటావేటే?” అన్నాడు ఎర్రిబాబు. ఈసారి నవ్వలేదు.

*

బస్సు దిగిన తలుపులమ్మ కుమారిని దగ్గరికి తీసుకుంది. మంచినీళ్లు తాగింది. బల్ల దగ్గరికి వచ్చింది. కొత్త పాలిష్ మీద అరచెయ్యి ఆనించి, ఆ కొస నుంచి ఈ కొసకి నెమ్మదిగా లాగింది. ఆ చెయ్యి బల్లని చూడటం లేదు… పలకరిస్తోంది.

మొదటి చోటు దాటింది. రెండోది దాటింది. మూడోది దాటింది.

ఆగింది.

గురువమ్మ ఆ వెంటనే అంతా చెప్పేసింది. దిమ్మలు, పాకం, కత్తి, చీమలు, ఇస్త్రీ పెట్టె… ఒక్క గుక్కలో, కళ్లు మూసుకుని.

చెప్పడం అయిపోయింది. కళ్లు తెరిచింది.

“బెల్లవా?”

“బెల్లవే అప్పా.”

“బల్లకా?”

“బల్లకే.”

తలుపులమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది గురువమ్మ. కాదు. నవ్వు… పొట్ట పట్టుకుని, గోడకి చేరబడి, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వు!

“ఇలా రాయే, వొంగి సూడు” అంటూ బల్ల కింద చూపించింది. ఒక కాలు పొట్టి. దాని అడుగున అతికించిన చిన్న చెక్క ముక్క.

“మీ బావ కొలత తప్పేడు. నాకు తెలీకుండా ముక్క అంటించేసేడు. తుడిసినప్పుడల్లా సూసేదాన్ని. ఆయన పోయిందాకా సూసినట్టు సెప్పనేదు.”

ఈసారి ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు.

బయట ఆటో హారను కొట్టింది. బల్ల ఎక్కించడానికి ఎర్రిబాబు చొక్కా చేతులు మడిచాడు.

“ఇప్పుడెందుకు మరిదీ, పాలిష్ ఆరనీ” అంది తలుపులమ్మ. “వచ్చే వారం వచ్చి పట్టుకెల్తాను.”

వచ్చే వారం వచ్చింది. పాలిష్ ఇంకా ఆరలేదంది. ఆ పై వారం వచ్చింది. ఆటో ఇరుకంది. ఇది ఐదో వారం…

మీ ఇంట్లోనూ ఏదో ఒక బల్ల ఉంటుంది. తుడిచేటప్పుడు ఒకసారి వంగి, దాని కాళ్లు చూడండి. చూసినప్పుడు సన్యాసిరావుని తలుచుకోండి. వడ్రంగి కాదు, రైతు. ఒకే ఒక్క బల్ల చేశాడు.